వాకిట్లో బీములు

ఆ ఎండాకాలం మేం ముగ్గురం కలిసి ఒక మనిషికి కాపలా కాశాం. ఆ మనిషి మా మామ లక్ష్మీరాజం. కాపలా కాస్తున్నట్టు ఆయనకు తెలియకూడదు, చిక్కంతా అక్కడే.

ఉగాది పోయిన కొద్ది రోజులకే మా వెనక గల్లీలో అంబదాస్ అనే ఆసామి ప్రాణం తీసుకున్నాడు. ఆసామి అంటే పెద్ద షావుకారేమో అనుకునేరు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. అలాంటివి నాలుగైదు సొంతానికి పెట్టుకుని, సేటు ఇచ్చిన నూలు తెచ్చి, గుడ్డ నేసి ఇచ్చి, కూలి తీసుకునేవాడే మా ఊళ్లో ఆసామి. మా మామ కూడా ఆసామే. ఏటేటా వచ్చే సర్కారు చీరల ఆర్డరు ఆ ఏడాది రాలేదు. సేట్లు నూలు ఇవ్వడం మానేశారు. గల్లీ గల్లీలో సాంచాలు బందయ్యాయి. కొందరు వాటిని పగలగొట్టించి తుక్కు కింద అమ్ముకున్నారు. నేను ధర్మపురి పిల్లని. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ టకటకలకు తల పగిలిపోయేది. ఆ చప్పుడు ఆగిపోతే ఇంకా ఎక్కువ పగులుతుందని అప్పుడు నాకేం తెలుసు?

మామ అంబదాస్ పాడె మోసి వచ్చాడు. స్నానం చేసి, కంచం ముందు కూర్చుని, చాలాసేపు అన్నం కెలికి, "మంచిగ పోయిండు" అన్నాడు.

అత్త చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది. ఎవరం ఆ మాట ఎత్తలేదు గాని, కాపలా ఆ పూటే మొదలైంది.

పొద్దున పూట శ్యాం చూసుకునేవాడు. శ్యాంసుందర్ నా భర్త, వాళ్లకు ఒక్కడే కొడుకు. సాంచాలు నడిచినన్నాళ్లు బీములు మోసే ట్రాలీ ఆటో నడిపాడు. బీమంటే పడుగు నూలు చుట్టే లావుపాటి ఇనుప గొట్టం. రెండు కొసలకూ పళ్లేలంత చక్రాలు బిగించి ఉంటాయి. నూలు చుట్టిన బీము ఎక్కితేనే సాంచా నడుస్తుంది. ఇప్పుడు మోయడానికి బీముల్లేక ఆటో గోడ పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది. నేను బట్టలు కుట్టే మిషన్ను వంటింట్లోంచి ముందర గదిలోకి జరుపుకున్నాను, వాకిలి కనపడేట్టు. అసలు కాపలా మాత్రం మా అత్త శంకరవ్వదే.

ఇంటిని ఆనుకునే కార్ఖానా ఉంది, రేకుల షెడ్డు. దానికి వాకిలి వైపు ఒక కిటికీ. ఆ కిటికీ కింద, చూరు నీడలో, అత్త చాప వేసుకుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పెళ్లయిన నాటి నుంచీ వెనక వసారాలో వాడకట్టు ఆడవాళ్లతో ముచ్చట్లు పెడుతూ చుట్టిన మనిషి. ఉన్నట్టుండి ముందుకొచ్చి ఒంటరిగా కూర్చుంటే మామ అడగకుండా ఉంటాడా?

"ఏమే, గీడ కూసున్నవేందే దుమ్ముల?"

"ఎన్క మబ్బుగుంటుంది. ఆకు కనవడ్తలేదు."

"అద్దాలు తెచ్చుకోరాదు మరి."

"నువ్వు తెచ్చియ్యి, ఎన్కకే పోత."

మామ అద్దాలు తేలేదు, అత్త వెనక్కి పోలేదు. ఆ ఇంట్లో చాలా తగాదాలు అలాగే తెగేవి.

మధ్యాహ్నం తిన్నాక మామ కార్ఖానాలోకి వెళ్లి మూలనున్న సాంచాను నడిపేవాడు. దాని మీద నూలు లేదు, గుడ్డ లేదు. పేకదారం మోసే నాడె ఉత్తదే అటూ ఇటూ పరుగులు పెట్టేది. "తుప్పు వడ్తది బిడ్డా. ఆర్డరు రాంగనే నడిపియ్యాలె గద" అనేవాడు నాతో. ఉత్త సాంచాకు ఇంత కరెంటా అని నాకు నోటిదాకా వచ్చేది. అత్త కళ్లతోనే నా నోరు మూయించేది. ఒకసారి దగ్గరికి పిలిచి చెప్పింది.

"సప్పుడు ఉన్నంత సేపు నాకు పానం నిమ్మలం రోజా. సప్పుడు ఆగితెనే లేశి తొంగి సూడాలె."

మా ఇంటి ఎదురుగా, రోడ్డుకు అవతల, అప్పుడే కొత్తగా ఒక ప్రైవేటు దవాఖాన పడింది. దానికి కార్లు పెట్టుకునే జాగా లేదు. వచ్చినవాళ్లంతా రోడ్డు మీదే ఆపి, ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. మా వాకిలి చూస్తే మైదానం లాంటిది, బీముల ఆటోలు తిరగడానికని మామ తండ్రి కాలంలోనే వదిలిన జాగా. శ్యాం నాలుగు రోజులు ఆ కార్లనూ మా వాకిలినీ మార్చి మార్చి చూసి, చివరికి తండ్రి ముందు నోరు విప్పాడు.

"బాపు, వాకిలి ఉత్తగనే ఉంటుంది. దవఖానకచ్చే కార్లు పెట్టనిద్దాం. ఇంత ఆసరైతది."

మామ కార్ఖానా గడప మీద కూర్చుని ఉన్నాడు. వెనక సాంచాల వైపు తిరిగి చూసి జవాబిచ్చాడు.

"సాంచల జోలికి రాకుంటె ఏమన్న చేస్కో."

అట్టముక్క మీద 'కారు పార్కింగ్' అని శ్యాం తనే రాసి గేటుకు కట్టాడు. కార్లు వచ్చాయి. ఇల్లు గడవడానికి ఆసరా అయింది, అబద్ధం చెప్పను. కాని ఆ వారంలోనే ఒక ఎర్రకారాయన వెనక్కి వస్తూ వస్తూ కార్ఖానా గోడకు కొట్టాడు. కిటికీ కింద గోడ పగిలి నెర్రె వచ్చింది. అత్త మంచినీళ్లు తాగడానికి అప్పుడే లోపలికి వచ్చింది గనుక బతికింది. బయటికి వెళ్లి చూస్తే చాప మీద టైరు ఉంది, చాట బోర్లా పడి తంబాకు నేలంతా చిమ్మింది.

"ఎన్కకు పో అత్తా, నీకు దండం పెడ్త" అన్నాను.

"ఎన్కకు పోత. కిటికీని నువ్వు ఎత్తుకొస్తవా?" అంది తంబాకు ఎత్తుకుంటూ.

ఆమె కదలదని తేలాక కార్లను ఆపే దారి వెతకాల్సి వచ్చింది. శ్యాం తన దోస్తు సాగర్‌ను పిలుచుకొచ్చాడు. సాగర్ వెల్డింగు పనివాడు, షార్జాలో చాలా ఏళ్లు ఉండి వచ్చాడు. అక్కడి పెద్ద పెద్ద దుకాణాల ముందు కార్లు మనుషుల మీదికి రాకుండా అడ్డంగా పాతే గుంజలు పాతడమే అతని పని. వాటిని బొలార్డులు అంటారని చెప్పి, ఫోన్లో ఫోటోలు తీసి చూపించాడు. మేం ముగ్గురం చుట్టూ మూగాం.

"గిది పిలాస్టిక్‌ది. లోపట స్ప్రింగు ఉంటది. కారు తాకితె వంగుతది, మల్ల లేస్తది. గిది మనిషికి చెప్పెటందుకే, కారును ఆపెటందుకు గాదు. గిది స్టీలుది, మెరుస్తుంది సూడు. నేలకు బోల్టులేసి బిగిస్తరు. సూపుకు మంచిగుంటది, జోరుగ తాకితె బోల్టులతోని సహా పీక్కస్తది. ఇగ గిది అసలుది. లావు గొట్టం, నడుం ఎత్తు పైకుంటది, అంత లోతు భూమిల దిగుతది. లోపలంత కాంక్రీటు నింపుడే. దీనికి తాకితె కారే ముక్కలైతది గని గుంజ కదలది."

"మా ఆటో లోపలికి రావద్దా మరి?" అన్నాడు శ్యాం.

"తీసి పెట్టుకునేటియి సుత ఉంటయి. భూమిల ఒక గొట్టం పాతి, దాంట్ల ఇంకో గొట్టం దింపుడు. కావాల్నంటె లేపుకోవచ్చు."

గడప మీద నుంచి మామ గొంతు వినపడింది. చాలా రోజులకు తనంతట తను మాట్లాడిన మొదటి మాట అది.

"ఇనుప గొట్టాలే గద? మన బీములు లేవా?"

మేమంతా అటు తిరిగాం. మామ లేచి లోపలికి వెళ్లి ఒక బీమును దొర్లించుకుంటూ వచ్చాడు. సాగర్ వంగి దాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖంగుమని మోగింది.

"పల్సగుంది కాక. ఇది నూలు మోసెటందుకు చేసింది. కాంక్రీటు నింపితె రాయి లెక్కయితది. నింపకుంటె ఉత్త డబ్బా."

"నింపితె మల్ల సాంచకు ఎక్కది" అన్నాడు మామ.

"ఆర్డరు వచ్చిననాడు కొత్తయి తెచ్చుకుందాం తియ్యి బాపు" అన్నాడు శ్యాం.

మామ కొడుకు వైపు చూశాడు. కోపంగా కాదు. అడగాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్న మాట అడిగినట్టు అడిగాడు.

"వస్తదనే అనుకుంటున్నవారా నువ్వు? నిజం జెప్పు."

శ్యాం వంగి బీము మీది దుమ్ము తుడవసాగాడు. నిజం చెబితే ఆ మనిషి ఏమైపోతాడో, అబద్ధం చెబితే ఎలా పట్టుకుంటాడో. సాగర్ ఫోన్ చూసుకోసాగాడు. నాకైతే అక్కడి నుంచి ఎటైనా పారిపోవాలనిపించింది. అప్పుడు అత్త చేతులు కొంగుకు తుడుచుకుని మధ్యకు వచ్చింది.

"గంత ఇసారం ఎందుకు? ఆయిన చెప్పినట్టే పాతుండ్రి. తీసుకునేటట్టే ఉండనీ. నింపకుండ్రి."

మామ ఇంకో బీము తేవడానికి లోపలికి వెళ్లాడు. సాగర్ గొంతు తగ్గించాడు.

"చిన్నమ్మా, నువ్వు కూసునేదే గాడ. కారు జోరు మీదస్తె గది ఆగది. ఉన్నదున్నట్టు చెప్తున్న."

"కారస్తె నేను లేశి ఉరుకుత. గాయిన కూలవడితె ఎవలు లేపుతరు సాగర్?"

అతను కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. మేమూ అడ్డు చెప్పలేదు. ఆమె చెప్పిందే సరైందని ఆ రోజు అందరికీ అనిపించింది. ఇవాళ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.

గుంతలు తవ్విన రోజు మా ఇంట్లో పండగలాగే ఉంది. మండే ఎండలో మామ తలకు తువ్వాల చుట్టుకుని తనే గడ్డపార పట్టాడు. శ్యాం తీసుకోబోతే, "నీకు రాదురా, నువ్వు ఆటో నడుపుటానికే పుట్టినవ్" అని తరిమేశాడు. పడుగు దారాలు సరిచూసిన కన్ను గదా, గుంతలకు దారం పట్టి ఒక్క వెంట్రుక వాసి తేడా రానివ్వలేదు. గుంతల్లో కాస్త లావు గొట్టాలు నిలబెట్టి, చుట్టూ సాగర్ కాంక్రీటు పోశాడు. అవి గట్టిపడ్డాక వాటిల్లో బీములు దింపారు, కిటికీ ముందర ఐదు, వరసగా. బీముల చక్రాలను మామ బోల్టు బోల్టూ విప్పి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు.

సాగర్ పసుపు నలుపు రంగుల డబ్బాలు తెచ్చాడు. మామ వాటిని ముట్టనివ్వలేదు.

"రంగు నూలుకు అంటుతది. రేపు చీరలకు మరకలు పడ్తే సేటుకు నువ్వు జవాబు జెప్తవా?"

రంగు లేకపోతే కార్లవాళ్లకు కనపడవు కదా అంటే, అత్త పాత చీర అంచులు చింపి ఒక్కో బీముకు ఎర్రగా చుట్టింది. వాన నీళ్లు లోపలికి పోయి తుప్పు పడతాయని పెరుగు బకెట్ల మూతలు దొరికించుకుని మామ వాటి నెత్తిన బిగించాడు. అన్నీ అయ్యాక దూరంగా నిలబడి చూసుకుని, "ఆకలైతుంది, ఏమన్న పెట్టుండ్రే" అన్నాడు. కంచం ఖాళీ చేసి మళ్లీ వడ్డించమన్నాడు. నేను వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను, సంతోషానికే.

ఆ తర్వాత మామ మనిషయ్యాడు. కార్లవాళ్లకు చేతులు ఊపుతూ, "రా రా, ఇంకింత రా, ఆగు" అని తనే దారి చూపేవాడు. ఒకసారి పల్లె నుంచి తల్లిని దవాఖానకు తెచ్చిన రైతు ఒకాయన, ఇవేం గుంజలని అడిగాడు. అడిగిన పాపానికి ఆయన్ను కార్ఖానాలోకి తీసుకెళ్లి పడుగు ఎట్లా ఎక్కుతుంది, నాడె ఎట్లా ఉరుకుతుంది, మొత్తం చూపించి గాని వదల్లేదు. తల్లికి రాసిన మందులు చేతిలో పట్టుకుని ఆ రైతు పాపం ఊ కొడుతూ నిలబడ్డాడు.

ఆర్డరు వస్తుందట అని ఎవరో ఒకరు పుకారు తెచ్చేవాళ్లు. తెచ్చిన నాడల్లా మామ ఒక బీమును పైకి లేపి, తుప్పు పట్టిందేమో చూసి, నూనెగుడ్డతో తుడిచి మళ్లీ దింపేవాడు.

"పోరగాన్ని తానం పోసి పండవెట్టినట్టు పండవెడ్తున్నవు. నా కొడుకుకు సుత గంత గారాబం జెయ్యలే" అని అత్త ఎకసెక్కం ఆడేది.

"నీ కొడుకు నూలు మోస్తడా?"

"ఆటోల మోసిండు గద."

"గట్లయితె వాన్ని సుత గుంజ లెక్క పాతుదాం" అని మామ నవ్వేవాడు.

మాకు గుండెల మీది బరువు దిగింది. శ్యాం ఆటో దుమ్ము దులిపి కూరగాయల కిరాయిలకు పోసాగాడు. నేను మిషన్ను మళ్లీ వంటింట్లోకి జరుపుకున్నాను. అత్త ఒక్కతే తన చోటు మార్చలేదు.

"ఇగ ఎన్కకు పోరాదు అత్తా? మామ మంచిగనే ఉన్నడు గద" అన్నాను ఒకనాడు.

"మిరుగం కార్తె రానీ. వాన పడ్డంక నేనే పోత" అంది.

మిరుగం రాకముందే అయిపోయింది.

రోహిణి కార్తె ఎండలు. రోడ్డు మీద కుక్క కూడా తిరగడం లేదు. మామ తిని కార్ఖానాలోకి వెళ్లాడు, ఉత్త సాంచా మొదలైంది. అత్త కిటికీ కింద చాట ఒళ్లో పెట్టుకుంది. చప్పుడు ఉంటే ఆమెకు నిమ్మళం. తలవంచుకుని ఆకు కత్తిరించుకుంటూ ఉంటుంది, తల ఎత్తి చూడాల్సిన పని లేదు. నేను వెనక గిన్నెలు తోముతున్నాను. మా గోడ పక్కన సాంచా నడుస్తుంటే పిడుగు పడ్డా వినపడదు.

కరెంటు పోయింది. సాంచా ఆగింది. అప్పుడు వినపడింది, ఎవరో ఏడుస్తున్న గొంతు. అత్తది కాదు, మగ గొంతు.

చేతులు కడుక్కోకుండానే వాకిట్లోకి పరుగెత్తాను. ఒక తెల్లకారు బీముల వరస దాటి గోడ దాకా వచ్చి ఉంది. నడిమి బీము మొదట్లో మడత పడి నేలకు ఒరిగింది. దాని నెత్తి మీది మూత గేటు దాకా దొర్లిపోయింది. ఒక యువకుడు కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తల బాదుకుంటూ ఏడుస్తున్నాడు. భార్యను కాన్పుకు చేర్చి, కారు తీసుకొచ్చి పెట్టబోతే, లోపలి నుంచి ఫోన్ వచ్చిందట. కంగారులో బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కాడట.

అదే సమయానికి కార్ఖానా తలుపు తీసుకుని మామ బయటికి వచ్చాడు. "మల్ల పాయె కరెంటు" అని గొణుక్కుంటూ వచ్చాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నేను కారుకూ గోడకూ మధ్య దూరి అత్త తల ఒళ్లోకి తీసుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"సప్పుడు ఆగింది" అంది. "తొంగి సూడు రోజా."

"ఈడనే ఉన్నడు అత్తా, మామ ఈడనే ఉన్నడు" అన్నాను. విన్నదో లేదో తెలియదు.

రోడ్డుకు అవతలే దవాఖాన. చాపతోనే ఎత్తుకుపోయారు. కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. కరీంనగర్ చేరకముందే అయిపోయింది.

ఆ యువకుణ్ని ఎవరూ కొట్టలేదు. కేసయింది, పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. దినాల మధ్యలో ఒకనాడు వాళ్ల పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మామే అక్కడికి వెళ్లాడు.

"పిల్లనా పిలగాడా?" అని అడిగాడు.

"పిల్ల" అన్నాడు అతను, నేల చూస్తూ.

"మంచిగ సాదుకో."

అంతే అన్నాడు మామ. దినాలయ్యేదాకా మాతో ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన మీద నాకు పీకల దాకా కోపం ఉంది. ఆ బీములు చూసినప్పుడల్లా, వాటికి కట్టిన ఎర్ర అంచులు చూసినప్పుడల్లా, 'నీ ఆర్డరు కోసం కదా' అని అరవాలనిపించేది. కాని ఆ మాట అనేదాన్ని కాదు. అంటే ఆయన ఏమవుతాడో అన్న భయం అంతకంటే పెద్దది. నా కోపం తగలకుండా కూడా ఆయనకు నేనే కాపలా కాయాల్సి వచ్చింది.

మిరుగం వచ్చింది. మబ్బు పట్టిన ఒక పొద్దున మామ శ్యాంను లేపి, ఆటో తీయమన్నాడు. సిమెంటు, ఇసుక, సన్నకంకర వేసుకుని ఇద్దరూ వచ్చారు. వెనకే సాగర్ వచ్చాడు.

"ఎందుకు బాపు, పార్కింగే బంద్ జేద్దాం" అన్నాడు శ్యాం. అతని కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"వాకిలి బంద్ జేస్తవు. రోడ్డును బంద్ జేస్తవా?"

మడత పడ్డ బీమును సాగర్ కోసి తీసి, దాన్ని తుక్కులో వేయనా అన్నట్టు చూశాడు. మామ దాన్ని తనే మోసుకుపోయి కార్ఖానాలో మూల సాంచా పక్కన పెట్టాడు. అక్కడ మిగిలి ఉన్న ఇంకో బీము తెచ్చి ఆ గుంతలో దింపాడు. తర్వాత మూతలన్నీ ఊడదీశాడు. సాగర్ మాలు కలుపుతుంటే, మామ చెంబుతో ముంచి ఒక్కో బీములో పోయసాగాడు. కొంత పోయడం, చువ్వతో కుదించడం, మళ్లీ పోయడం. శ్యాం చెంబు అందుకోబోయాడు. మామ ఇవ్వలేదు. వీధిలో ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చి, చూసి వెళ్లిపోయారు.

అన్నీ నిండాక మామ మొదటి బీమును వేలి కణుపుతో కొట్టాడు. మోగలేదు. రెండోదీ మోగలేదు. వరసంతా కొట్టుకుంటూ వెళ్లాడు.

"ఇగ ఇవి మల్ల పైకి ఎల్లయి కాక" అన్నాడు సాగర్ మెల్లగా.

"ఎల్లద్దు" అన్నాడు మామ.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన చేతులకు సిమెంటు ఎండి తెల్లగా పగుళ్లు వస్తే, నేను నీళ్లు తెచ్చి పోశాను. ఆయన చేతులు కడుక్కుని, అత్త చాప దులిపి, కిటికీ కింద వేసుకుని కూర్చున్నాడు. కార్ఖానాలోకి వెళ్లలేదు. ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ సాంచా నడపలేదు. చూరు నుంచి వాన కారుతున్నా గోనె కప్పుకుని అక్కడే కూర్చునేవాడు, వచ్చే కార్లను చూస్తూ. నేను మిషన్ను మళ్లీ ముందర గదిలోకి జరుపుకున్నాను. కాపలా మళ్లీ మొదలైంది, ఈసారి ఇద్దరమే.

వానలు ముదిరాక ఒకనాడు సేటు దగ్గర గుమాస్తా అరుణ్‌కుమార్ బండి మీద తడుస్తూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రాజం కాకా! వచ్చింది. ఆర్డరు వచ్చింది. సాంచలు తుడుసుకో, నూలు పంపిస్తున్నరు."

శ్యాం ఇంట్లోంచి ఒక్క ఉరుకున వచ్చాడు. పక్క గల్లీలో అప్పటికే ఎవరిదో సాంచా మొదలైంది. ఆ టకటక అన్ని నెలల తర్వాత వింటుంటే నాకు అత్తే గుర్తొచ్చింది, చప్పుడున్నంత సేపు నిమ్మళం అన్న మనిషి.

అరుణ్‌కుమార్ గుంజల వైపు చూశాడు. "అరె, బీములు పాతుకున్నరా? ఫికర్ లేదు. సేటుకు చెప్త, బీములు గూడ ఆయినే ఇస్తడు."

"వద్దు" అన్నాడు మామ.

"గదేంది కాకా? గీ దినం కోసమే గద ఇన్నొద్దులు పరేషాన్ అయినవు."

మామ చాప మీంచి లేచాడు. గేట్లోంచి ఒక కారు లోపలికి తిరుగుతోంది. మామ నడిమి గుంజ మీద అరచెయ్యి ఆనించి, ఆ కారు పూర్తిగా ఆగేదాకా, అందులోని మనిషి దిగి తలుపు వేసుకునేదాకా చూశాడు. అప్పుడు అరుణ్‌కుమార్ వైపు తిరిగాడు.

"సాంచ నడిస్తె, గీడ ఏమైతుందో ఇనవడది."